డాక్టర్ విలియం జాన్ లిటిల్

ఒక వ్యాధికి దానిని తొలిసారిగా వర్ణించిన వైద్యుని పేరు పెట్టడం వైద్యశాస్త్రంలో పరిపాటి. నేడు మనం సెరిబ్రల్ పాల్సీ లేదా మస్తిష్క పక్షవాతం అని వ్యవహరిస్తున్న స్థితిని పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు 'లిటిల్ వ్యాధి' అని పిలిచేవారు. ఇంగ్లీషులో 'లిటిల్' అంటే చిన్నది అని అర్థం కనుక అదేదో చిన్నపాటి జబ్బు కాబోలునని భ్రమపడే అవకాశం ఉంది. నిజానికది విలియం జాన్ లిటిల్ అనే ఆంగ్ల వైద్యుని ఇంటిపేరు. శిశువు పుట్టుకకు ముందుగాని, పుట్టే సమయంలోగాని, పుట్టిన తొలినాళ్లలోగాని ఎదుగుతున్న మెదడుకు కలిగే హాని వల్ల ఈ స్థితి ఏర్పడుతుంది. ఇందులో మొదట చెడేది కండరం కాదు; కండరానికి ఆజ్ఞలు పంపే మెదడు. ఆ ఆజ్ఞలు సరిగా అందక కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. అలా బిగిసిన కండరంలో బలం ఉన్నదా, లేదా? ఉంటే ఎంత? చూడడానికి తేలికగా కనిపించే ఈ ప్రశ్నకు నమ్మదగిన సమాధానం దొరకడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. ఆ కథకు ఆద్యుడు లిటిల్.

విలియం జాన్ లిటిల్ 1810 ఆగస్టు 7న లండన్ నగరపు తూర్పు భాగంలోని ఆల్డ్‌గేట్‌లో జన్మించాడు. తండ్రి అక్కడ ఒక సత్రం నడిపేవాడు. గుర్రపు బళ్లూ బాటసారులూ వచ్చిపోయే ఆ సందడిలో పెరుగుతున్న పసివాడికి పోలియో సోకింది. ప్రాణం దక్కింది కాని ఎడమ కాలు దెబ్బతిన్నది. పోలియో వెన్నుపాములోని నాడీకణాలను నశింపజేస్తుంది. దానితో కొన్ని కండరాలు చచ్చుబడి వదులవుతాయి. వాటికి ఎదురుగా ఉండే కండరాలు మాత్రం తమ లాగుడు తాము లాగుతూనే ఉంటాయి. త్రాసులో ఒక తట్ట ఖాళీ అయితే రెండోది దిగిపోయినట్లు, పాదం బలమున్న వైపునకు ఒరిగిపోతుంది. లిటిల్ పాదం అలాగే లోపలికి మెలిదిరిగి, మడమ పైకి లేచి, వంకర పాదమైంది.

బాల్యంలో కొంతకాలం అతడు ఫ్రాన్సులో చదువుకున్నాడు. అక్కడ ఫ్రెంచి భాషతో పాటు తోటి పిల్లల ఎగతాళి కూడా అతనికి బాగా పరిచయమైంది. పదహారో ఏట ఒక మందుల వైద్యుని వద్ద శిష్యరికంలో చేరాడు. తరువాత లండన్ హాస్పిటల్‌లో విద్యార్థి అయ్యాడు. వైద్యవిద్య వైపు అతణ్ణి నడిపించిన కారణాలలో తన కాలిని బాగుచేసుకోవాలన్న తపన ప్రధానమైనదని చెప్పాలి. అనారోగ్యం పాలైనవారు వైద్యుని కోసం వెదకడం లోకంలో ఉన్నదే. దొరకక తానే వైద్యుడైన వాడు లిటిల్.

ఆనాటి లండన్ శస్త్రవైద్యులు అతనికి ధైర్యం చెప్పలేకపోయారు. మడమ వెనుక పిక్క కండరాన్ని ఎముకకు కలిపే దట్టమైన స్నాయుబంధనం ఒకటుంది. వంకర పాదాన్ని పట్టి ఉంచేది ముఖ్యంగా అదే. దానిని కోస్తే పాదం వదులవుతుందని తెలిసినా కోయడానికి జంకేవారు. ఫ్రాన్సులో డెల్పెష్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు 1816లో ఆ పని చేయగా గాయం చీము పట్టింది. ఆయన మళ్లీ ఆ జోలికి పోలేదు. క్రిములను అరికట్టే శస్త్రచికిత్సా పద్ధతిని జోసెఫ్ లిస్టర్ లోకానికి చెప్పినది 1867లో. ఈథర్ మత్తు శస్త్రచికిత్సలో ప్రచారంలోకి వచ్చినది 1846లో. అంతకుముందు కత్తి పడిందంటే నొప్పి తప్పదు; చీము పట్టిందంటే కాలో ప్రాణమో పోవచ్చు.

అయినా లిటిల్ నిరాశపడలేదు. జర్మనీలోని హానోవర్ నగరంలో లూయీ స్ట్రోమేయర్ అనే వైద్యుడు కొత్త పద్ధతిని అనుసరిస్తున్నాడని విని బయలుదేరాడు. స్ట్రోమేయర్ చర్మాన్ని విస్తారంగా కోయడు. సన్నని కత్తిని చిన్న రంధ్రం గుండా చర్మం కిందికి పోనిచ్చి, స్నాయుబంధనాన్ని మాత్రమే తెంచుతాడు. గాయం చిన్నది కనుక చీము పట్టే ప్రమాదం బాగా తగ్గుతుంది. 1836లో లిటిల్ తన కాలిని ఆయన చేతికి అప్పగించాడు. తెంచిన తరువాత పాదాన్ని ఒక్కసారిగా తిప్పక, సాధనాల సాయంతో కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా సరిదిద్దారు. ఇరవై అయిదేళ్ల యువకుని మడమ నేలకు ఆనింది.

ఆయన తన కాలు బాగుపడిందని సంతోషించి ఊరుకోలేదు. స్ట్రోమేయర్ వద్దనే ఆ విద్య నేర్చుకున్నాడు. బెర్లిన్‌కు వెళ్లి అక్కడి శస్త్రవైద్యుడు డీఫెన్‌బాఖ్‌కు సరిదిద్దిన తన పాదాన్ని చూపాడు. చూసిన డీఫెన్‌బాఖ్ కూడా ఆ పద్ధతిని చేపట్టాడు. వంకర పాదం మీద లాటిన్ భాషలో సిద్ధాంత వ్యాసం రాసి, లిటిల్ 1837లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టం పొందాడు. పరిశోధన గ్రంథాలు రాసినవారు ఎందరో ఉంటారు కాని, తన దేహమే తన పరిశోధనకు మొదటి ఆధారమైన వారు అరుదు. అదే ఏడు లండన్‌కు తిరిగివచ్చి ఇంగ్లండులో ఆ శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. పిమ్మట అవయవ వైకల్యాల చికిత్స కోసమే ప్రత్యేకంగా ఒక వైద్యాలయాన్ని స్థాపించాడు. అది రాయల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ అనే పేరు పొంది, ఇరవయ్యో శతాబ్దారంభంలో ఇతర వైద్యాలయాలతో కలిసి నేటి రాయల్ నేషనల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా పరిణమించింది. గురువుపై కృతజ్ఞతతో తన కుమారునికి లూయీ స్ట్రోమేయర్ లిటిల్ అని నామకరణం చేశాడు.

ఆ వైద్యాలయానికి వచ్చే పిల్లలను పరీక్షిస్తున్నకొద్దీ లిటిల్‌కు ఒక విషయం స్పష్టమైంది. అందరి పాదాలూ పైకి ఒకే తీరున వంకరగా ఉన్నా అందరి కథా ఒకటి కాదు. తనవలె పోలియో వచ్చినవారి కాలు సన్నబడి, వదులుగా, తాడు తెగిన తోలుబొమ్మ కాలులా వేలాడుతుంది. మరికొందరి కాళ్లు అందుకు పూర్తిగా విరుద్ధం. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, తొడలు కత్తెర వలె అడ్డంగా పడతాయి, మడమలు నేలనంటవు, పిల్లవాడు మునివేళ్ల మీద నడుస్తాడు. చేత్తో పట్టి చాపబోతే కాలు మొండికెత్తుతుంది. నిదానంగా, ఓపికగా చాపితే కొంత వరకు లొంగుతుంది. అటువంటి పిల్లల తల్లులను అడిగితే చాలామంది కాన్పు కష్టమైనదనో, నెలలు నిండక ముందే బిడ్డ పుట్టినదనో, పుట్టిన వెంటనే ఏడవలేదనో చెప్పేవారు. 1843-44లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. ఈ బిగువు వ్యాధిని ఆయన వాటిలోనే ప్రస్తావించాడు. 1853లో వాటిని విస్తరించి గ్రంథంగా ప్రకటించాడు.

సుమారు ఇరవై ఏళ్ల పరిశీలన తరువాత, 1861 అక్టోబరులో లండన్ ప్రసూతి వైద్యుల సంఘంలో తన ప్రసిద్ధ పత్రాన్ని చదివాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. దాదాపు రెండు వందల మంది పిల్లలను చూసిన అనుభవం దాని వెనుక ఉంది. ఒక పక్క కాలూ చేయీ బిగుసుకున్నవారు, చేతుల కంటె కాళ్లు ఎక్కువగా బిగుసుకున్నవారు, దేహమంతా బిగుసుకున్నవారు అని ఆయన వారిని మూడు తెగలుగా విభజించాడు. మొదటి తెగను గురించి రాస్తూ, బాగున్నట్లు కనిపించే రెండో పక్క కూడా తరచుగా కొంత దెబ్బతిని ఉంటుందని గుర్తించాడు. ఈ చిన్న వాక్యాన్ని విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. మళ్లీ దీని వద్దకు రావలసి ఉంది. మాట తడబడుతూ, నోట చొంగ కారుతూ ఉన్న పిల్లలను లోకం మందబుద్ధులుగా ముద్రవేస్తుంటే, వారిలో కొందరి తెలివితేటలు ఏమాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయని కూడా ఆయన స్పష్టం చేశాడు. ఎగతాళి అంటే ఏమిటో ఎరిగినవాని చూపు అది.

ఆనాటి ప్రసూతి వైద్యుల నమ్మకం వేరు. కష్టకాన్పులో బిడ్డ మరణిస్తుంది, లేదా కోలుకుని పూర్తిగా ఆరోగ్యంగా ఉంటుందని వారు భావించేవారు. ఆ రెంటికీ నడుమ మూడో గతి ఉన్నదని లిటిల్ చెప్పడం వారికి కొత్త. సాహిత్యాభిమాని అయిన లిటిల్, షేక్స్‌పియర్ నాటకంలోని మూడో రిచర్డ్ రాజును కూడా ఉదాహరణగా చూపాడు. నెలలు నిండక ముందే వంకర దేహంతో పుట్టినట్లు షేక్స్‌పియర్ ఆ పాత్రను చిత్రించాడు. వైద్య సభలో నాటక పాత్ర సాక్ష్యం చెప్పడం నావంటి సాహిత్య విద్యార్థికి ముచ్చట గొలిపే విషయమే కాని, దానిని శాస్త్ర ప్రమాణంగా తీసుకోలేము.

కారణం విషయంలో లిటిల్ కొంత తొందరపడ్డాడనే చెప్పాలి. తరువాతి కాలంలో మనస్తత్వ శాస్త్రవేత్తగా పేరొందిన సిగ్మండ్ ఫ్రాయిడ్, అప్పటికింకా నాడీ వైద్యుడు, 1897లో ఈ వ్యాధిపై పెద్ద గ్రంథం రాశాడు. కష్టకాన్పు కొన్ని సందర్భాలలో కారణం కాకపోవచ్చునని, గర్భంలోనే బిడ్డకు కలిగిన లోపానికి అది ఒక లక్షణం మాత్రమే కావచ్చునని సూచించాడు. మన మహాభారతంలో అష్టావక్రుడు తల్లి గర్భంలో ఉండగానే శాపం పొంది ఎనిమిది వంకరలతో పుట్టాడు. పురాణానికీ శాస్త్రానికీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. వైకల్యం పుట్టుకకు ముందే మొదలు కావచ్చునన్న ఆలోచన మాత్రం మనకు అపరిచితం కాదు. అమెరికాలో సుమారు 54 వేల కాన్పులను అనుసరించిన ఒక బృహత్పరిశీలన ఫలితాలు 1986లో వెలువడ్డాయి. పుట్టే సమయంలో ఊపిరాడకపోవడం ఈ వ్యాధికి కారణమైన సందర్భాలు లిటిల్ అనుకున్నదాని కంటె చాలా తక్కువని అప్పుడు తేలింది.

లిటిల్ 1884 ప్రాంతంలో వైద్యవృత్తి నుండి విరమించాడు. కెంట్ ప్రాంతంలోని వెస్ట్ మాలింగ్‌లో 1894లో కన్నుమూశాడు. మరో కుమారుడు మ్యూర్‌హెడ్ లిటిల్ కూడా ఆర్థోపెడిక్ వైద్యుడై, 1918లో ఏర్పడిన బ్రిటిష్ ఆర్థోపెడిక్ సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు.

లిటిల్ వదలి వెళ్లిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. మడమ స్నాయుబంధనాన్ని తెంచడం లేదా పొడిగించడం మునివేళ్ల నడకకు చికిత్సగా స్థిరపడింది. పోలియో పాదానికి మేలు చేసిన కత్తి మెదడు దెబ్బతిన్న బిడ్డకూ మేలు చేస్తుందా? స్నాయుబంధనం అవసరానికి మించి పొడుగైతే పిక్క కండరం పట్టు కోల్పోతుంది. అంతవరకు మునివేళ్ల మీద నిటారుగా నడిచిన పిల్లవాడు ఆ తరువాత మోకాళ్లు వంచి కూలబడుతున్నట్లు నడవవలసి వస్తుంది. బిగువుగా ఉన్న కండరం బలమైనదే అయి ఉంటుందని భావించినవారు చేసిన పొరపాటు ఇది. బిగువు వేరు, బలం వేరు. ముడుచుకున్న పిడికిలి గట్టిగానే ఉంటుంది. అంతమాత్రాన ఆ చేయి బిందె ఎత్తగలదని చెప్పలేము. కత్తి పట్టే ముందు బలమెంతో తెలియాలి. తెలియాలంటే కొలవాలి.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఆ కొలత వ్యర్థమనే అభిప్రాయం రాజ్యమేలింది. లండన్‌లో బెర్తా, కారెల్ బోబాత్ దంపతులు ప్రచారం చేసిన చికిత్సా పద్ధతి ప్రభావం ఇందులో ఎక్కువ. బలాన్ని ప్రయోగించే వ్యాయామం బిగువును పెంచుతుందని, ఇటువంటి పిల్లలలో అసలు సమస్య బలహీనత కాదని నమ్మేవారు. కండరాల బలాన్ని కొలిచే విద్య పోలియో రోగుల వద్ద మాత్రం అభివృద్ధి చెందింది. 1914లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పోలియో ప్రబలినప్పుడు బోస్టన్ వైద్యుడు రాబర్ట్ లోవెట్, ఆయన సహచరులు రోగి అవయవానికి స్ప్రింగ్ త్రాసును తగిలించి లాగుడును కొలిచారు. వారు ప్రచారం చేసిన మరో పద్ధతి పరీక్షకుని చేయే. రోగి భూమ్యాకర్షణను ఎదిరించి కాలు ఎత్తగలడా, పరీక్షకుని ఒత్తిడిని కూడా ఎదిరించగలడా అన్నదానిని బట్టి శ్రేణులు నిర్ణయించేవారు. 1943లో బ్రిటన్‌లో రూపొందిన సున్నా నుండి అయిదు వరకు అంకెలు గల పట్టిక ఈ తరహాదే. కాని నాలుగు అనే ఒక్క అంకెలో ఎంతో వ్యత్యాసం ఇమిడిపోతుంది. ఇద్దరు పిల్లలలో ఒకరి బలం మరొకరికి రెట్టింపైనా ఇద్దరికీ నాలుగే పడవచ్చు.

అందువల్ల నేడు అరచేతిలో ఇమిడే డైనమోమీటర్ అనే సాధనాన్ని వాడుతున్నారు. పిల్లవాణ్ణి మోకాళ్లు వంచి బల్లమీద కూర్చోబెట్టి, చీలమండకు కొంచెం పైన సాధనాన్ని ఆనించి, కాలును ముందుకు తన్నమంటారు. తెరమీద న్యూటన్లలో అంకె కనిపిస్తుంది. పని పూర్తయిందనుకుంటే పొరపాటే. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు తెలిసిన లెక్కతోనే చూద్దాం. మోకాలికి 20 సెంటీమీటర్ల దూరంలో సాధనాన్ని ఆనించినప్పుడు 60 న్యూటన్లు వచ్చిందనుకుందాం. బలాన్ని దూరంతో గుణిస్తే 12 న్యూటన్ మీటర్లు. అదే పిల్లవాడు, అదే బలంతో, సాధనాన్ని 25 సెంటీమీటర్ల దూరంలో ఆనిస్తే తెర మీద కనిపించేది 48 మాత్రమే. కండరంలో మార్పేమీ లేదు; మారినది పరీక్షకుని చేతి స్థానం. ఈ దూరాన్ని రాసుకోని వైద్యశాల ఆ బిడ్డ బలహీనపడ్డాడని నిర్ధారించి చికిత్సనే మార్చివేయవచ్చు.

చిక్కులు అంతటితో తీరవు. బిగిసిన కండరాన్ని వేగంగా సాగదీస్తే అది తనంతట తానే ఎదురు తిరుగుతుంది. లిటిల్ చేతికి తగిలిన మొండితనం ఇదే. పరీక్షకుడు విసురుగా నెడితే అంకెలో బలంతో పాటు ఆ బిగువు కూడా చేరుతుంది. అందుచేత సాధనాన్ని కదలకుండా పట్టుకుని, పిల్లవాడినే మెల్లగా బలం పెంచమంటారు. కొందరు పిల్లలు మోకాలిని చాపబోతే దానిని ముడిచే కండరం కూడా అదే క్షణంలో పనిచేసి అడ్డుపడుతుంది. మరికొందరు తుంటినీ మోకాలినీ కూడా ముడవకుండా ఒక్క పాదాన్ని మాత్రం పైకెత్తలేరు. అప్పుడు కొలిచినది ఏ కండరాన్నో చెప్పడమే కష్టం. పిక్క కండరం ఒక్కొక్కప్పుడు పరీక్షకుని చేతికంటె బలంగా తోస్తుంది. అటువంటప్పుడు సాధనం చూపేది పిల్లవాని బలం కాదు, పరీక్షకుని బలహీనత. వీటికి తోడు పసితనం ఒకటి. చెప్పినది అర్థం కావాలి, ఆసక్తి నిలవాలి, అలసట రాకూడదు. ముందుగా ఒకసారి సాధన చేయించి, నడుమ విశ్రాంతినిస్తూ మూడుసార్లు కొలవడం మంచి పద్ధతి. కొన్ని రోజుల తరువాత అదే వ్యక్తి కొలిచినా, మరొకరు కొలిచినా దాదాపు అదే అంకె వస్తేనే ఆ కొలతను నమ్మాలి. రెండు పరీక్షల నడుమ సహజంగా వచ్చే తేడా ఎంతో ముందే తెలిసి ఉంటే, వ్యాయామం వల్ల వచ్చిన పెరుగుదల నిజమైనదో కాదో చెప్పగలం. పిల్లలు ఎదుగుతారు కనుక ఫలితాన్ని శరీర బరువుతో భాగించి పోల్చాలి. లేకపోతే ఏడాదిలో సహజంగా వచ్చిన ఎదుగుదల కూడా చికిత్స ఖాతాలో పడుతుంది.

ఇంత జాగ్రత్తగా కొలిచే పద్ధతులు వచ్చిన తరువాతనే 1990లలో పాత నమ్మకం సడలింది. ఈ పిల్లల కండరాలు బిగువుగా ఉంటూనే బలహీనంగా కూడా ఉంటాయని, తగిన వ్యాయామంతో బలం పెరుగుతుందని అమెరికాలోని పరిశోధకులు చూపారు. 1998లో వెలువడిన వారి పత్రమొకటి కాళ్లలోని అనేక కండరాలను చేతి డైనమోమీటర్‌తో కొలిచింది. ఒక పక్క మాత్రమే బిగుసుకున్న పిల్లలలో ఆ పక్క కాలు బలహీనంగా ఉండడం అందరూ ఊహించినదే. వారి రెండో కాలును, అంటే ఆరోగ్యంగా ఉన్నదని తల్లిదండ్రులూ వైద్యులూ భావించే కాలును, సాధారణ పిల్లల కాళ్లతో పోల్చి చూస్తే అది కూడా వాటికంటె బలహీనంగా ఉన్నట్లు తేలింది. సాధనమేమీ లేకుండా, తన కళ్లనూ చేతులనూ మాత్రమే నమ్ముకుని లిటిల్ ఆ సంగతిని అచ్చులో పెట్టి అప్పటికి నూట ముప్ఫై ఆరేళ్లయింది.